ఏ రాయి గోడ?

పోయిన వారం మీరు నన్ను మదనపల్లెలో మా హార్డ్‌వేర్ అంగట్లో, ఫోను చెవికి ఆనించుకుని నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలేసి మీ పనుల్లోకి మీరు వెళ్ళిపోయారు. మీరు వచ్చేదాకా నేను అలాగే నిలబడి ఉన్నాను. ఇప్పుడు ఫోను దించుతాను.

ఆ ఫోన్లో నేను విన్నది గౌతమ్ పంపిన వాయిస్ మెసేజి. గౌతమ్ మా చెల్లెలు నీలిమ మొగుడు. కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరు. వీళ్ళిద్దరూ ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకున్న నాటినుంచీ మా రెండిళ్ళకూ మాటల్లేవు. మా పిల్లను మాయచేశారని మేమన్నాం. మా పిల్లోడిని వలలో వేసుకున్నారని గౌతమ్ వాళ్ళమ్మ చెంగమ్మ అంది. అంతటితో ఊరుకోక, ఆమె నా నంబరూ మా ఆయన నంబరూ తన ఫోన్లో రాకుండా చేయించుకుంది. పాప పుట్టాక కూడా మమ్మల్ని చూడరమ్మని పిలవలేదు. ఉండబట్టలేక నేనే గౌతమ్‌ను పట్టుకుని, పాప స్నానానికని ఒక గీజరు పంపించాను. దాంతోపాటు గోడ తొలవడానికి డ్రిల్లు బిట్లు, బిగించడానికి బోల్టులు కూడా మా అంగట్లోవే. చెంగమ్మ వద్దనలేదు. ఆమె వద్దనకపోవడమంటే ఏమిటో ఆమెను ఎరిగిన వాళ్ళకు తెలుస్తుంది. ఆ రోజు నేను అంగట్లో ఎవరితోనూ పోట్లాడలేదు.

ఇదిగో, ఆ గీజరు గురించే మెసేజి.

"వదినా, గీజరు బిగించేసినా. రాయి గోడ కదా, సతాయిస్తాదేమో అనుకుంటి. నువ్వు చెప్పినట్టే టైలు వరకు హ్యామర్ లేకుండా పోయినా. టైలు దాటినాక హ్యామర్ ఆన్ చేస్తానే బిట్టు వెన్నలో దిగినట్టు దిగిపాయ. ప్లంబరు నిన్న పైపులిచ్చి పోయినాడు. ఈ పొద్దు మంచిదంట, అమ్మ నీళ్ళు నింపి పాపకి దాని కిందనే నీళ్ళు పోస్తానంటాది. నేను క్వారీలోకి దిగుతాండా, సాయంత్రం మాట్లాడతా."

వినడానికి ఎంత చల్లని మాట. నాకు మాత్రం వెన్న దగ్గర ఊపిరి ఆగింది.

బండరాయి వెన్నలా దిగదండీ. పదేళ్ళుగా బిట్లు అమ్ముతున్నదాన్ని, ఇది ఒట్టేసి చెబుతాను. బండరాయికి బిట్టు పెడితే డ్రిల్లు చేతుల్లో ఎగురుతుంది, చెవులు గింగురుమంటాయి, కాసేపు తొలిచి ఆపి, నీళ్ళు చల్లి, మళ్ళీ తొలవాలి. పొగరుగా ఒకే బిగిన నొక్కారంటే బిట్టు మొన ఎర్రగా కాలి మాడిపోతుంది. మాడిన బిట్టు తెచ్చి కౌంటరు మీద విసిరేసి "ఏమ్మా, డూప్లికేట్ మాలు అమ్ముతాండావా" అని నా మీదికొస్తారు. అందుకే నాదొక అలవాటు. అంగట్లోకి వచ్చినవాళ్ళు బిట్టు అడుగుతారు, నేను గోడ అడుగుతాను. ఎర్ర ఇటుకైతే మామూలు బిట్టు, హ్యామర్, అంటే డ్రిల్లు తిరుగుతూనే గుద్దే గుద్దు, కొంచెంగా. శ్లాబు కాంక్రీటైతే హ్యామర్ గట్టిగా. టైలైతే ఈటె మొన బిట్టు, హ్యామర్ అసలు వద్దు. లోపల డొల్లగా ఉండే సిమెంటు ఇటుక అయితే ఇంకా జాగ్రత్త. దానికి పైన బొటనవేలంత మందం సిమెంటు చెక్క, లోపలంతా గాలి. హ్యామర్ పెడితే ఆ చెక్క లోపలివైపు పెచ్చులూడిపోతుంది. బయటికి చూస్తే బొక్క గుండ్రంగా, ముద్దుగానే ఉంటుంది.

గౌతమ్‌నూ అడిగాను. ఏం గోడ నాయనా అంటే రాయి గోడ అన్నాడు. క్వారీలో పనిచేసే మనిషి, కుప్పంలో ఇల్లు, రాయి గోడ. ఇంకేం ఆలోచిస్తాను? బండరాయి అనుకున్నాను. సదుం దగ్గర మా పుట్టింటి గోడలు బండరాయివే, మాకు రాయంటే అదొక్కటే. బిగించేకొద్దీ లోపల విచ్చుకుని రాతిని కరుచుకునే పొట్టి ఇనప బోల్టులు ఇచ్చాను. బండరాయిలో వాటికి ఎద్దును కట్టేసినా కదలవు. డొల్ల ఇటుకలో అవి విచ్చుకుంటే చెక్కనే పగలగొడతాయి.

ఖాళీ గీజరుదేముంది, తేలిక. రోజుల తరబడి వేలాడుతుంది. నీళ్ళు నింపితేనే అసలు బరువు. ఈ రోజే నింపుతారట.

మా ఆయన ఉమాశంకర్ అప్పుడే ఎవరింట్లోనో అద్దం బిగించి బండి దిగాడు. మాట్లాడకుండా ఫోను అతని చెవి దగ్గర పెట్టాను. వెన్న దగ్గరికొచ్చేసరికి అతని ముఖం కూడా మారింది. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. విని, "డొల్ల" అన్నాడు. అంతే. లోపలికి పోయి పెద్ద డ్రిల్లు, పొడుగు బిట్లు, స్పానర్లు సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

గౌతమ్‌కు చేస్తే ఫోను కలవలేదు. క్వారీ గుంతలోకి దిగితే కలవదని తెలిసీ చేస్తూనే ఉన్నాను. క్వారీ ఆఫీసుకు చేస్తే ఎవరో ఎత్తి, పైకొచ్చినాక చెప్తాంలేమ్మా అని పెట్టేశారు. ఇంట్లో పసిబిడ్డ నిద్ర లేస్తుందని నీలిమ తన ఫోను మోగకుండా పెడుతుంది, అది సాయంత్రం దాకా చూడదు. చెంగమ్మకు మా నంబర్లు పోవు. ఇరుగుపొరుగు ఎవరో నాకు తెలియదు, ఆ వీధి నేను ఎప్పుడూ తొక్కలేదు. షట్టరు దించేశాం. ఉమాశంకర్ ఓమ్ని తాళం తిప్పాడు.

మదనపల్లె దాటడానికే ప్రాణం పోయింది. టమాటా మార్కెట్టు నుంచి లారీలు ఒకదాని వెనక ఒకటి రోడ్డెక్కుతున్నాయి. ఒక్కోటి మలుపు తిరిగేలోగా నేను సీటు అంచుకు జరిగి జరిగి ముందు అద్దానికి ముఖం ఆనించాను. హారన్ కొట్టమని నేను, కొడితే లారీ ఎగిరిపోతుందా అని అతను. మామూలు రోజైతే ఆ మాటకు నవ్వేదాన్ని.

ఊరు దాటాక అడిగాడు.

"నువ్వు గోడ ఏందని అడగలేదా?"

"అడిగినా. రాయి అన్నాడు."

"ఏ రాయి అని అడిగినావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. రాయంటే రాయి కాక ఇంకేమిటి, నువ్వుంటే మాత్రం అడిగేవాడివా అని గట్టిగా అరిచాను. అతను తిరిగి అరవలేదు. నేనే పోయి బిగించి వస్తానంటే వద్దన్నది నువ్వు కదా, అని మాత్రం అన్నాడు. నిజమే. నువ్వు వెళ్ళి ఆ ఇంట్లో అడుగుపెడితే పెద్దామె గీజరును కూడా వీధిలో పెట్టిస్తుంది అని నేనే ఆపాను. మంచికే ఆపాను. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. అతను చూసీ చూడనట్టు గేరు మార్చాడు.

పుంగనూరులో బస్టాండు దాటాక నాకు ఉపాయం తట్టింది. బండి ఆపమన్నాను. రోడ్డు పక్క టీ అంగడాయన్ను, అన్నా, ఒక్క ఫోను చేసుకోవాల, ఇంట్లో పసిబిడ్డ సంగతి అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని అడక్కుండానే లాక్ తీసి ఇచ్చాడు. చెంగమ్మ నంబరు నాకు నోటికి వచ్చు. ఇన్నాళ్ళుగా ఎన్నిసార్లు కొట్టి ఉంటాను దాన్ని.

రెండో రింగుకే ఎత్తింది. ఎవరప్పా అంది. వెనకాల నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అత్తా, నేను లతను."

పెట్టేస్తుందేమోనని గబగబా చెప్పేశాను. గీజరు కింద ఎవరూ కూర్చోవద్దు, పాపను ఆ గదిలోకి తీసుకుపోవద్దు, బోల్టులు నిలుస్తాయో లేదో అనుమానంగా ఉంది, మేము దారిలో ఉన్నాం, వచ్చి సరిచేస్తాం, అంతవరకూ నీళ్ళు నింపకండి. ఇంత చెప్పడానికి ఒకే ఊపిరి సరిపోయింది.

"నింపినా," అంది చెంగమ్మ. "నిండి పొంగుతాంటే ఆపుతాండా."

"అత్తా, ముందు బయటికి రా. నీకు దండం పెడతా, ఆడ నిలబడొద్దు."

"యాల?"

"అది పడుతుందేమోనని భయంగా ఉండాది అత్తా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇంకెలా అనాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. చెంగమ్మ గొంతు పెరగలేదు. పెరిగితేనే బాగుండేది.

"పసిబిడ్డ ఉండే ఇల్లు ఇది. మంచిపొద్దని దీపం పెట్టి ఇప్పుడే మొదలుపెట్టినా. పడేది, పగిలేది అనే మాట తప్ప నీ నోట్లో ఇంకో మాట లేదా? ఇచ్చేది మీరే, ఇచ్చినదానికి దిష్టి పెట్టేదీ మీరే. నా కోడలు మీ పిల్లే గానీ, ఆ పాప నా పాప. నా పాపకి యాడ నీళ్ళు పోసుకోవాల్నో నాకు తెల్సు."

"నీ పాపే అత్తా, నేను కాదన్లేదు. ఒక్క మాట చెప్పు సాలు. ఆ గోడ ఏ రాయి?"

"ఏ రాయేంది? రాయంటే రాయే. సిమెంటు రాయి. మా మేస్త్రీ గంగులప్ప ఇంటిముందరే అచ్చులేసి పోసినాడు. మేం మట్టిగోడలు కట్టుకున్నోళ్ళం అనుకుంటాండావా?"

సిమెంటు రాయి. వాళ్ళ మేస్త్రీ మాట అది, ఆ ఇంట్లో అందరి మాటా అదే. డొల్ల ఇటుకను ఆ ఇంట్లో రాయి అంటారు. గౌతమ్ అబద్ధం చెప్పలేదు, నేను తప్పు వినలేదు. ఇద్దరం ఒకే మాట పట్టుకుని చెరొక గోడ చూస్తూ ఉండిపోయాం. అత్తా, ఆ రాయి లోపల డొల్ల అని చెప్పబోయేలోగా ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్. టీ అంగడాయన నా ముఖం చూసి ఏమనుకున్నాడో, ఒక స్టూలు లాగి కూర్చోమ్మా అన్నాడు. ఆయన ఫోను ఆయన చేతిలో పెట్టి బండివైపు నడిచాను.

బండెక్కి, సిమెంటు రాయంట అన్నాను. ఉమాశంకర్ తల ఊపాడు. అప్పటినుంచీ బండిని అతను నడిపిన తీరు నేను పెళ్ళయ్యాక చూడలేదు.

పలమనేరు దాకా కళ్ళముందు ఆ గది కదలడం మానలేదు. నేను చూడని గది. చూడని గదిని మనసు ఎంత వివరంగా కట్టేస్తుందో. పీట వేసుకుని చెంగమ్మ కాళ్ళు బారజాపి కూర్చుంటుంది. కాళ్ళ మీద పాప బోర్లా. వీపుకు నూనె. చెంబుతో నీళ్ళు పోస్తూ పాప నడుము సాగదీస్తుంది, ముక్కు నొక్కుతుంది, పాప గుక్కపట్టి ఏడుస్తుంది. బాలింతలకూ బిడ్డలకూ నీళ్ళు పోయడంలో చెంగమ్మ చేయి గొప్పదని నీలిమే దొంగచాటుగా ఒకసారి ఫోన్లో చెప్పింది. ఆమె తలపైన తెల్లగా మెరుస్తూ మేమిచ్చిన గీజరు. ఆమె వంగి ఉంటుంది, పైకి చూడదు. చూసినా కాళ్ళ మీద బిడ్డను పెట్టుకుని అంత త్వరగా లేవలేదు.

భయమేసింది. ఎంత భయమంటే, దేవుడా, పడితే పడనీ, ఎవరూ లేనప్పుడు పడనీ అని మొక్కుకున్నాను. తరవాత ఆ మొక్కుకే భయపడి, అసలు పడకుండా చూడు అని మార్చుకున్నాను.

వీకోట దాటాక ఉమాశంకర్ తనలో తను మాట్లాడుకున్నట్టు ఏం చెయ్యాలో చెప్పడం మొదలుపెట్టాడు. ముందు కరెంటు ఆపాలి. నీళ్ళు మొత్తం వదిలెయ్యాలి. దించాక గోడకు ఈ పక్కనుంచి ఆ పక్కకు పొడుగు బిట్టుతో, హ్యామర్ లేకుండా, ఉత్త తిప్పుడుతోనే తొలవాలి. పొడుగు కడ్డీ దూర్చి, అవతలిపక్క ఇనప ప్లేటు పెట్టి నట్లు బిగించాలి. అప్పుడు బరువు చెక్క మీద కాదు, గోడ మొత్తం మీద పడుతుంది. ఇలా చెప్పుకుంటూ పోతుంటే నాకు కొంచెం ఊపిరాడింది. పని తెలిసిన మనిషి గొంతు వింటే అంతే, సగం పని అయిపోయినట్టే ఉంటుంది. నేను ప్లేటు తెచ్చావా అని అడిగాను. తెచ్చాడు.

కుప్పంలో ఆ ఇంటికి దారి అడుగుతూ అడుగుతూ చేరాం. బండి పూర్తిగా ఆగకముందే దూకాను.

చెంగమ్మ వాకిట్లోనే ఉంది. మెట్టు మీద కూర్చుని తడిసిన చీర కుచ్చెళ్ళు పిండుకుంటోంది. ఒకరినొకరు నేరుగా చూసుకోవడం ఆమెకూ నాకూ అదే మొదలు. ఇంటి పక్కన పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద మసి పట్టిన అండా, కింద ఇంకా పొగ. పొయ్యి పక్కన పీట. పీట చుట్టూ తడి నేల, నేల మీద సున్నిపిండి మరకలు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఏంది అట్ల సూస్తావు?" అంది చెంగమ్మ. "నువ్వంతగా దండం పెడ్తాంటే దాని కిందికి బిడ్డని ఎత్తుకుపోతానా? నాకేం పిచ్చా? ఈడనే కాంచి పోసినా."

మరి ఫోను ఎందుకు ఆపేశావు అత్తా, ఇంతదూరం మా ప్రాణాలు ఎందుకు తీశావు అని అడగాలి నిజానికి. అడగలేదు. మెట్టు మీద ఆమె పక్కనే కూలబడి ఏడ్చాను. సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేటట్టు ఏడ్చాను. చెంగమ్మ ఓదార్చలేదు. సాల్లేమ్మా లె, మొకం కడుక్కో అని చెంబు నా వైపు జరిపింది. ఆ అమ్మా అన్న పిలుపుకు ఇంకో విడత ఏడుపొచ్చింది.

ఉమాశంకర్ ఇవేవీ పట్టించుకోకుండా సంచితో లోపలికి వెళ్ళాడు. వెనకే మేమూ వెళ్ళాం. గీజరు ఇంకా గోడ మీదనే ఉంది. దూరం నుంచి చూస్తే నిక్షేపంగా ఉంది. దగ్గరికి వెళ్ళి తల పక్కకు వంచి చూస్తే, పైభాగానికీ టైలుకూ మధ్య ఒక వేలు దూరేంత సందు. అతను మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆగమన్నాడు. కరెంటు ఆపి, కిందనుంచి భుజం ఆనించి, నీళ్ళు వదిలాడు. బకెట్ల మీద బకెట్లు చెంగమ్మే అందుకుని బయట పారబోసింది. ఖాళీ అయ్యాక గీజరును పైకెత్తి దించాడు. ఒక బోల్టు గీజరుతోపాటే వచ్చేసింది. రెండోదాన్ని స్పానరు తియ్యకుండానే రెండు వేళ్ళతో పట్టి లాగాడు. దానితోపాటు అరచేతి వెడల్పు పెచ్చు, పెచ్చుకు అతుక్కుని పగిలిన టైలు ముక్కా వచ్చాయి. అక్కడ గోడ లేదు. చీకటిగా ఖాళీ ఉంది.

చెంగమ్మ ఆ ఖాళీలోకి చాలాసేపు చూసింది. చెయ్యి పెట్టి లోపల తడిమింది.

"ఇంత డొల్లగా ఉంటాదా?" అంది.

ఉంటుందని, ఇలాంటి గోడ చెడ్డదేమీ కాదని, దాని పద్ధతిలో దానికి బిగిస్తే ఏళ్ళకేళ్ళు మోస్తుందని ఉమాశంకర్ నెమ్మదిగా చెప్పాడు. గంగులప్ప పనికి వంక పెట్టినట్టు ఉండకూడదని మాటలు ఏరుకుని చెప్పాడు. చెంగమ్మ వింది. విని, కాఫీ తాగి మొదలుపెట్టప్పా అంది. మా ఆయనను ఆ ఇంట్లో ఎవరైనా అప్పా అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. దారంతా పడిన నరకం ఈ ఒక్క కాఫీకి సరిపోయింది అనుకున్నాను. వంటింట్లోకి ఆమె వెనకే వెళ్ళాను. గ్లాసులు ఎక్కడున్నాయో అడిగే చనువు కూడా తీసుకున్నాను. నీలిమను ఒక్కసారి చూడాలి, పాపను ఎత్తుకోవాలి, ముద్దుపెట్టుకోవాలి.

"పాప నిద్రపోయిందా అత్తా?"

"నీళ్ళు పోసినాక నిద్రపోకుండా ఉంటాదా? ఉయ్యాల్లో ఏసినా. నీలిమ ఊపుతాండాది."

స్నానాలగదిలోనుంచి ఉమాశంకర్ గొంతు వినిపించింది. ఉయ్యాల దేనికి కట్టారని అడుగుతున్నాడు. ఊరికే అడిగినట్టే అడిగాడు. నేను పాలగిన్నె పట్టుకుని నిలబడిపోయాను.

చెంగమ్మ కాఫీపొడి డబ్బా మూత తీస్తూ చెప్పింది. శ్లాబు పోసినప్పుడు ఉయ్యాలకని కొక్కెం పెట్టడం మరిచిపోయారట. చీర కట్టడానికి ఎక్కడా ఆధారం లేక ఇన్నాళ్ళూ పాపను మంచం మీదనే పడుకోబెడుతున్నారట.

"మా గౌతమే నిన్న సాయంత్రం గోడకి ఇనప బ్రాకెట్టు బిగించినాడు. మీ బోల్టులే, మిగిలుంటే. ఊగి సూసుకో అమ్మా, ఎట్ల పట్టినాయో అని నాకు సూపించినాడు."

పాలగిన్నె ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు. స్నానాలగది తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు వినిపించింది, ఉమాశంకర్ బయటికి వచ్చాడని తెలిసింది. నేను అప్పటికే నడవాలో ఉన్నాను. పరుగెత్తితే నేల అదురుతుందేమోనని పరుగెత్తలేదు. ఎంత పిచ్చి ఆలోచన. కానీ పరుగెత్తలేదు.

పడకగది తలుపు ఓరగా ఉంది. లోపల నీలిమ మంచానికి ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. నిద్రలేని తల్లి, తల ఒక పక్కకు వాలిపోయింది, కళ్ళు మూతలు పడ్డాయి. చేతిలో తాడు మాత్రం ఊగుతూనే ఉంది. అక్క వచ్చిందని దానికి తెలియదు. గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన బ్రాకెట్టు, దానికి వేలాడే చీర ఉయ్యాల, చీర మడతలో పాప.

కేక వేద్దామని నోరు తెరిచాను. కేకకు నీలిమ ఉలిక్కిపడి తాడు లాగుతుంది. నోరు మూసుకున్నాను.

దగ్గరికి వెళ్ళాను. పాపను నేను చూడటం అదే మొదలు. మా అమ్మ నుదురే. నుదుటిమీద కాటుక బొట్టు. బుగ్గలమీద, మూసిన కనురెప్పలమీద, మెడ మడతలో పౌడరు. నీళ్ళు పోశాక బిడ్డకు పౌడరు అద్దుతారు కదా, చెంగమ్మ కాస్త ఎక్కువే అద్దింది అనుకున్నాను.

పౌడరు తెల్లగా ఉంటుంది. ఇది బూడిదరంగులో ఉంది. నేను చూస్తూ ఉండగానే పైన బ్రాకెట్టు దగ్గరనుంచి ఇంకాస్త రాలింది.

చేతులు చాపాను. ఉయ్యాల నా వేళ్ళకు అందకుండా అటు చివరికి వెళ్ళింది.